బొత్తం కనిపించకుండా పోయిన సోమవారం

సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు లాండ్రీలో పిల్లికూన కనిపించకుండా పోయింది. చూసేసరికి ఉతికే యంత్రం నడుస్తోంది. ఆరబెట్టే డ్రయ్యరు కూడా నడుస్తోంది. రెండింటి తలుపులూ ఆ గందరగోళంలోనే మూశారు. మూసేటప్పుడు లోపల ఏముందో ఎవరూ చూడలేదు.

ఆ సమయానికి లాండ్రీలో ఉన్నది ముగ్గురు మనుషులు: యజమానురాలైన అత్తగారు, ఆమె కొడుకు, కోడలు. వాళ్ళు కాక ఇస్త్రీ. అది ఆ ఇంటి పిల్లి. ఇస్త్రీ బల్ల చివర వెచ్చగా ఉండే చోట పడుకుంటుంది కాబట్టి ఆ పేరొచ్చింది. అది అత్తగారి పిల్లి. కళ్ళు తెరవని రోజుల్లో ఆమె దాన్ని తెచ్చి పెంచింది. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు తమ చొక్కా మీద అది పడుకొని ఉంటే లేచేదాకా ఆగేవారు, లేకపోతే మర్నాడు వచ్చేవారు.

కూన ఆ ఇంటికి వచ్చింది హాస్టలు బట్టల సంచిలో. హాస్టలు సంచుల విషయంలో ఆ లాండ్రీకి ఒక పద్ధతి ఉండేది. విప్పి చూడరు. మూతి విప్పి నేరుగా యంత్రంలోకి బోర్లిస్తారు. "వాటిలో చెయ్యి పెట్టకు, ఏముంటాయో ఆ పిల్లలకే తెలీదు," అని అత్తగారు కోడలికి మొదటి రోజే చెప్పింది. ఆ రోజు కూడా కోడలు అలాగే బోర్లించి, తలుపు వేసి, మీట మీద వేలు పెట్టింది. నొక్కబోతుండగా గాజు వెనక ఒక దిండు గలీబు కదిలింది. తలుపు తీసి గలీబు దులిపితే బూడిదరంగు కూన ఒకటి ఆమె అరచేతిలో పడింది.

ఆ పూట ఆమె మిగిలిన సంచులన్నీ విప్పి చూసింది. అప్పటి నుంచి ఏ సంచినీ బోర్లించలేదు. ఒక్కో బట్టా తీసి, దులిపి, అప్పుడు వేసేది. పని వెనకబడేది. అత్తగారు గొణిగేది. కోడలు వినేది, మళ్ళీ దులిపేది.

హాస్టలుకు ఫోను చేస్తే వార్డెను, "మా దగ్గర పిల్లులు లేవు. ఉంచుకుంటే ఉంచుకోండి, లేదంటే గేటు బయట వదిలేయండి," అన్నాడు. గేటు బయట అంటే ఏమిటో కోడలికి తెలుసు. వీధి చివర మాంసం కొట్టు ఉంది. కొట్టు దగ్గర కుక్కలుంటాయి. అవి ఒకసారి ఒక పిల్లిని పట్టుకోవడం ఆమె మేడ మీది నుంచి చూసింది. కిందికి దిగేలోపే అయిపోయింది.

కూనను చొక్కా జేబులో వేస్తే ముక్కు మాత్రమే బయటికి కనిపించేది. కొడుకు దానికి బొత్తం అని పేరు పెట్టాడు. అత్తగారు ఆ పేరు పలకలేదు.

"ఉండనీ," అంది ఆమె. "కానీ ఒక్క మాట. నా ఇస్త్రీకి గానీ, ఈ ఇంట్లో ఎవరికి గానీ రక్తం చుక్క పడిందంటే ఆ పూటే ఇది బయటికి. నేను రెండోసారి చెప్పను."

"అలాగే అత్తయ్యా," అంది కోడలు.

పశువుల డాక్టరమ్మ కూనను తూచింది, చెవులు చూసింది, కోడలికి చేయాల్సింది చెప్పింది. కొన్నాళ్ళు రెండింటికీ ఒకదాని మొహం ఒకటి చూపించకూడదు. కూనను వేరే గదిలో పెట్టి తలుపు మూయాలి. ముందు వాసన అలవాటు కావాలి. ఇది పడుకునే పక్క గుడ్డ దానికీ, అది పడుకునే పక్క గుడ్డ దీనికీ రోజూ మార్చాలి. మూసిన తలుపుకు ఇటొక గిన్నె, అటొక గిన్నె పెట్టి తినిపించాలి. పెద్దది బుస కొట్టడం మానేశాకే తలుపు సందు తీయాలి.

"తొందరపడితే ఏమవుతుంది?" అని కోడలు అడిగింది.

డాక్టరమ్మ కూన మెడ చుట్టూ రెండు వేళ్ళు వేసి చూపించింది. వేళ్ళ మధ్య ఇంకా చోటుంది. "పెద్దదానికి ఒక్క కాటు చాలు," అంది.

మేడ మీద మూల గదిలో బొత్తాన్ని పెట్టారు. కింద ఇస్త్రీ తిరిగింది. ఉదయాన్నే కోడలు బొత్తం పక్క గుడ్డ తీసి మెట్ల మీద బుట్టలో వేసేది. ఇస్త్రీ పక్క గుడ్డ అత్తగారు తీసి అదే బుట్టలో వేసేది. ఏ గుడ్డ ఎక్కడ పరవాలో చూసుకునేది అత్తగారే. కోడలికి అప్పటికి బల్ల దగ్గర పని మొదలయ్యేది.

ఇస్త్రీ బుస కొట్టలేదు. పరిచిన గుడ్డ మీద పడుకుంది. మూల గది తలుపు ముందు పెట్టిన గిన్నె ఖాళీ చేసింది. మేడ మీది నుంచి అరుపు వినిపిస్తే ఒకసారి పైకి చూసేది. కింద యంత్రాల హోరు మొదలయ్యాక అదీ లేదు.

"చూశావా, మా అమ్మ పెంచిన పిల్లి," అన్నాడు కొడుకు. "పైకి కోపం, లోపలంతా వెన్న."

"మీ అమ్మ లోపలి వెన్న నేనింకా చూళ్ళేదు," అంది కోడలు.

"నాకూ చిన్నప్పుడు చూసిన గుర్తే."

అయినా కోడలు తలుపు తీయలేదు. రేపు చూద్దాం అనేది. మర్నాడు కూడా అదే మాట. రాత్రి పడుకోబోయే ముందు మూల గది గడియ లాగి చూసేది. పడుకున్నాక లేచి మళ్ళీ లాగేది.

సోమవారం లాండ్రీలో పని ఎక్కువ. ఆస్పత్రి దుప్పట్లూ హాస్టలు దుప్పట్లూ ఒకే రోజు వస్తాయి. వెనక గదిలో కుప్పలు పోసి ఉన్నాయి. అత్తగారు ఉతికినవి డ్రయ్యర్లో వేస్తూ, ఉతకాల్సినవి యంత్రంలో వేస్తూ తిరుగుతోంది. ముందు గదిలో కోడలు చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. బల్ల చివర పిల్లి కళ్ళు మూసుకొని ఉంది. కొడుకు వ్యాను తాళాల కోసం మేడెక్కాడు. దిగేటప్పుడు అతని చేతిలో తాళాలు లేవు. బొత్తం ఉంది.

"ఏవండీ, వద్దు," అంది కోడలు.

"ఎన్నాళ్ళు దాస్తావు? ఎదురింటి వాళ్ళు కూడా చూసేశారు. ఇస్త్రీ ఒక్కటే చూడలేదు."

"డాక్టరమ్మ తలుపు సందులోంచి చూపించమంది."

"తలుపు కంటే లావుగా నేనున్నాను కదా మధ్యలో," అని అతను కూనను బల్ల ఎత్తుకు దించాడు.

ఇస్త్రీ కళ్ళు తెరిచింది. బుస కొట్టలేదు. లేచి ఒళ్ళు విరుచుకోలేదు. పడుకున్న చోటు నుంచే అతని చేతుల మీదికి దూకింది.

కూన అరిచింది. ఆ అరుపు విన్న ఇద్దరూ తర్వాత దాని గురించి చెప్పేటప్పుడు ఒకేలా చెప్పలేదు. కొడుకు పసిపిల్ల ఏడుపన్నాడు. కోడలు చెప్పడానికి ఇష్టపడలేదు. అతని మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం చీరుకుపోయింది. చేతులు వదిలాయి. బొత్తం నేల మీద పడింది. ఇస్త్రీ దాన్ని వెనక కాలి దగ్గర నోట కరుచుకుంది. కోడలు చొక్కాల మీద నీళ్ళు చల్లే సీసా ఎత్తి మూత ఊడేలా పిల్లి మీదికి విసిరింది. ఇస్త్రీ పట్టు వదిలింది. కూన వెనక గదిలోకి పరుగెత్తింది. ఇస్త్రీ దాని వెనక పడింది.

వెనక గదిలో ఏం జరిగిందో అత్తగారొక్కతే చెప్పగలదు. ఆమె చూసింది తక్కువ. ఇస్త్రీ తన కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోవడం చూశానంది. కూనను చూడలేదంది. ఉలిక్కిపడి, చేతుల్లో ఉన్న దుప్పట్లు యంత్రంలోకి తోసి తలుపు వేశానంది. డ్రయ్యరు తలుపు అంతకుముందు వేసిందో తర్వాత వేసిందో ఆమెకు గుర్తులేదు. మీటలు రెండూ ఆమే నొక్కింది. పెళ్ళైనప్పటి నుంచి చేస్తున్న పని. చెయ్యి దానంతట అదే చేసింది.

కోడలు వచ్చేసరికి నేల మీద కుప్పలు తప్ప ఏమీ లేవు. కూన లేదు. ఇస్త్రీ లేదు.

"అత్తయ్యా, బొత్తం ఏది?"

"నన్నడుగుతావేంటి? ఏమైంది అసలు?"

"తలుపులు మీరేనా మూసింది?"

అత్తగారు డ్రయ్యరు వైపు చూసింది.

కోడలు డ్రయ్యరు మీట ఆపింది. అది వెంటనే ఆగదు. లోపలి పీపా వేగం తగ్గించుకుంటూ తిరుగుతుంది. తిరగడం ఆగాక కూడా తాళం టక్కుమనేదాకా తలుపు రాదు. కోడలు పిడి పట్టుకొని లాగుతూనే ఉంది. గాజు వెనక తెల్లటి దుప్పట్లు పైకెక్కి, పడి, మళ్ళీ ఎక్కుతున్నాయి. పడినప్పుడల్లా ఒక చప్పుడు వస్తోంది. అది తడిబట్ట చప్పుడో కాదో తెలుసుకోవడానికి ఆమె చెవి గాజుకు ఆనించింది.

"లాగకే, విరుగుతుంది," అంది అత్తగారు.

తాళం టక్కుమంది. వేడి మొహాన కొట్టింది. కోడలు దుప్పట్లు లాగి పారేయలేదు. ఒక్కోదాన్ని రెండు చేతులతో ఎత్తి, బరువు చూసి, కొసలు పట్టి విప్పి, పక్కన పెట్టింది. చివరి దుప్పటి తీశాక పీపా లోపలికి నడుము దాకా దూరి చేత్తో తడిమింది. ఏమీ లేదు.

ఉతికే యంత్రం అప్పటికే సగం గాజు వరకు నీళ్ళు నింపుకుంది. దాన్ని ఆపింది కొడుకు. నీళ్ళన్నీ పోతే తప్ప దాని తలుపు తెరుచుకోదు. నీళ్ళు పోవడం మొదలైంది. కోడలు నేల మీద కూర్చొని గాజుకు మొహం ఆనించింది. నురగ తప్ప ఏమీ కనిపించలేదు.

"ఇది పగలగొట్టలేమా?"

"అది అద్దం కాదే, ఇంత మందం ఉంటుంది," అన్నాడు కొడుకు. అతని చేతికి తువ్వాలు చుట్టి ఉంది. తువ్వాలు తడిసి, వేళ్ళ మీదుగా కారి, ఆస్పత్రి దుప్పటి మీద పడుతోంది. అత్తగారు ఆ ఎరుపు చూసింది.

"అది ఎవరిది?" అని అడిగింది.

కొడుకు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"ఆ దుప్పటిని చన్నీళ్ళలో వెయ్యి. వేడి తగిలితే మరక పోదు," అంది. ఆ తర్వాత కొడుకు చెయ్యి పట్టుకొని తువ్వాలు విప్పి చూసి, మళ్ళీ గట్టిగా చుట్టింది.

నురగ దిగింది. గాజుకు కింది వైపు బూడిదరంగుది ఏదో అంటుకొని కనిపించింది. వెంట్రుకలున్నట్టుంది. కోడలు "అమ్మా" అంది. నీళ్ళు పోయేదాకా అలాగే కూర్చుంది. కొడుకు ఆమె భుజం మీద చెయ్యి వేస్తే తీసేసింది. తాళం విడింది. అత్తగారు కోడల్ని పక్కకు జరిపి తనే చెయ్యి పెట్టి దాన్ని తీసింది.

ఉన్ని మేజోడు. ఆస్పత్రి దుప్పట్లలో ఎవరిదో కలిసి వచ్చింది.

అత్తగారు దాన్ని పిండి, కోడలి చేతిలో పెట్టింది. చూసుకోమన్నట్టు. కోడలు దాన్ని పట్టుకొని ఏడ్చింది.

యంత్రాలు రెండూ ఆగిపోవడంతో గదిలో హోరు పోయింది. అప్పుడు వినిపించింది. బాయిలరు వైపు నుంచి గుర్రుమనే చప్పుడు, ఆగకుండా.

ఇస్త్రీ బల్లలకు ఆవిరి ఇచ్చే బాయిలరు గది మూల ఉంటుంది. దానికీ గోడకూ మధ్య జానెడు సందు. సందులో ఆవిరి గొట్టం వెళుతుంది. గొట్టానికి చెయ్యి తగిలితే తోలు ఊడుతుంది. సందు ముందు ఇస్త్రీ కూర్చొని ఉంది. దాని తోక చేతి మందాన ఉబ్బి ఉంది. చూపు సందులోంచి తిప్పడం లేదు.

"లోపలుంది," అన్నాడు కొడుకు.

"ముందు దీన్ని తీయాలి," అంటూ అత్తగారు ముందుకెళ్ళింది. "ఇస్త్రీ, రా తల్లీ. నేనే. రా."

ఆమె చెయ్యి చాచింది. ఇస్త్రీ తల తిప్పకుండానే కరిచింది. బొటనవేలి మొదట్లో పళ్ళు దిగాయి. అత్తగారు అరవలేదు. చెయ్యి వెనక్కి లాక్కొని, గోడ తగిలేదాకా వెనక్కి నడిచింది.

"అది నన్ను గుర్తుపట్టలేదురా," అంది కొడుకుతో.

కొడుకు హాస్టలు కంబళి ఒకటి తీసి పిల్లి మీద పడేసి, కంబళితో సహా ఎత్తి మూత ఉన్న బట్టల బుట్టలో వేశాడు. మూత మీద తడిబట్టల సంచి పెట్టాడు. బుట్ట లోపల ఊగింది. దాన్ని ముందు గదిలోకి ఈడ్చి తలుపు మూశాడు. తర్వాత బాయిలరు ఆపాడు. బాయిలరు ఆగినా గొట్టం చల్లారడానికి చాలాసేపు పడుతుంది.

కోడలు బోర్లా పడుకొని టార్చి వేసింది. సందు చివర రెండు కళ్ళు మెరిశాయి. కూన గోడకు అంటుకొని ఉంది. గొట్టానికీ దానికీ మధ్య రెండు వేళ్ళ దూరం. వెనక కాలు ఒకటి పక్కకు వాలిపోయి ఉంది.

"బొత్తం, రా నాన్నా. రా బంగారం."

అది కదల్లేదు. కోడలు లేచి మెట్ల మీది బుట్టలోంచి దాని పక్క గుడ్డ తెచ్చింది. సొంత గుడ్డ చూస్తే వస్తుందనుకుంది. గుడ్డను సందులోకి నెట్టింది. కూన ముక్కు చాచి వాసన చూసింది. వెనక్కి జరిగింది. గొట్టం వైపు జరిగింది.

కోడలు గుడ్డను వెనక్కి లాక్కుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన వచ్చింది. టార్చి వెలుగులో గుడ్డ మీద మడతలు కనిపించాయి. నాలుగు మడతలు, గీసినట్టు.

"అత్తయ్యా, ఈ గుడ్డ ఉతికారా?"

"ఉతక్క? రోజూ ఉతుకుతున్నా. రెండూ."

"మార్చే ముందే?"

"మాసిన గుడ్డ తీసుకెళ్ళి ఇంకోదాని పక్కలో వేస్తామా? పిల్లయితే మాత్రం? ఈ ఇంట్లోంచి మురికి గుడ్డ ఒకటి గుమ్మం దాటిన రోజుందా?"

"ఇస్త్రీ కూడా చేశావా అమ్మా?" అన్నాడు కొడుకు.

"ముడతలుంటే పడుకునేటప్పుడు గుచ్చుకోవూ?"



డాక్టరమ్మ చెప్పింది వాసన మార్చమని. అత్తగారు మార్చింది సబ్బు వాసన సబ్బు వాసనతో. మూల గది నేలను ఆమె పొద్దునా సాయంత్రం ఫినాయిలుతో తుడిచింది. కింది నుంచి ఆవిరి గదుల్లోకి రాకుండా తలుపుల కింద తడి తువ్వాలు చుట్టి పెట్టడం ఆ ఇంటి అలవాటు. మూల గది తలుపు కింద కూడా పెట్టారు. ఇస్త్రీ అన్నాళ్ళూ బుస కొట్టకపోవడానికి కారణం అలవాటు పడటం కాదు. ఇంట్లో ఇంకో పిల్లి ఉందని దానికి తెలియదు.

కోడలు నడుముకు కట్టుకున్న ఏప్రన్ విప్పింది. ఉదయం బొత్తాన్ని అందులోనే కూర్చోబెట్టుకొని పాలు పట్టింది. దాన్ని సందులోకి నెట్టి, ఒక కొస చేత్తో పట్టుకొని పడుకుంది. చాలాసేపు ఏమీ జరగలేదు. ముందు గదిలో బుట్ట ఊగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. కౌంటరు దగ్గర ఎవరో వచ్చి, పిలిచి, వెళ్ళిపోయారు. తర్వాత ఏప్రన్ కొస బరువెక్కింది. కోడలు దాన్ని అంగుళం అంగుళంగా లాగింది. కూన గుడ్డను గోళ్ళతో పట్టుకొని దానితో పాటే బయటికి వచ్చింది. ఒక చెవి అంచు కాలి ఉంది. వెనక కాలి నుంచి రక్తం వస్తోంది. ఊపిరి ఉంది.

డాక్టరమ్మ కాలికి కుట్లు వేసింది. ఎముక విరగలేదంది. కాటు గాయం కాబట్టి చీము పడుతుందేమో చూడాలంది. మనుషులిద్దరినీ ఆస్పత్రికి వెళ్ళి సూది వేయించుకోమంది. పక్క గుడ్డల సంగతి కోడలు చెప్పింది.

"మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టండి," అంది. "మాసిన గుడ్డే కావాలమ్మా."

"మాసినదేనా?" అంది అత్తగారు.

"ఎంత మాసితే అంత మంచిది."

అత్తగారు కొడుకు వైపు చూసింది, ఈవిడ నిజంగా డాక్టరేనా అన్నట్టు.

ఇంటికి వచ్చాక కోడలు బొత్తాన్ని మూల గదిలో పడుకోబెట్టి, వంటింట్లోకి వచ్చి నిలబడింది. అత్తగారు కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకొని పీట మీద కూర్చొని ఉంది.

"రక్తం పడింది అత్తయ్యా. మీరు అన్నారు."

"అన్నాను."

అత్తగారు కట్టు అంచు సర్దుకుంది.

"కూన గాయం మానేదాకా ఉండనీ. డాక్టరు చెప్పినట్టు ఇంకొక్కసారి చేద్దాం. ఈసారి తేడా వస్తే మాత్రం వెళ్ళాల్సింది కూనే. ఇస్త్రీని నేను పంపలేను. దానికి నేను తప్ప ఎవరున్నారే?" అంది. గొంతు తగ్గించి, "నాకు దాన్ని చూస్తే భయమేస్తోంది," అంది.

"నాకూ," అంది కోడలు.

మర్నాడు బొత్తం పడుకున్న గుడ్డను ఉతక్కుండా ఇస్త్రీ గిన్నె పక్కన పెట్టారు. ఇస్త్రీ వాసన చూసి ఎగిరి వెనక్కి దూకింది. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. బుస కొట్టింది. గుడ్డను పంజాతో కొట్టి బల్ల కిందికి దూరింది. ఆ పూట గిన్నె ముట్టలేదు. కోడలు డాక్టరమ్మకు ఫోను చేసింది.

"బుస కొడుతోందండీ."

"కొట్టనీ. ఇంట్లో ఇంకొకరున్నారని దానికి ఇప్పుడే తెలిసింది. గుడ్డను దూరంగా జరపండి. తీసేయొద్దు."

దూరంగా జరిపారు. తీసేయలేదు. అత్తగారు ఆ గుడ్డ పక్క నుంచి వెళ్ళేటప్పుడు మొహం తిప్పుకునేది. ఒకసారి ఆమె కుళాయి దగ్గర దాన్ని పట్టుకొని నిలబడి ఉండగా కొడుకు చూశాడు.

"అమ్మా, దాన్ని ఉతక్కు."

"చూస్తున్నాలేరా. ఊరికే చూస్తున్నా."

"కుళాయి కింద చూస్తున్నావు."

ఆమె గుడ్డను తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టింది. చేతులు మాత్రం రెండుసార్లు కడుక్కుంది.

బొత్తానికి జ్వరం వచ్చి తగ్గింది. కుట్లు తీశారు. మూల గది తలుపు కింద తువ్వాలు తీసేశారు. గిన్నెలు దూరం నుంచి దగ్గరికి జరిగాయి. ఒకరోజు తలుపు కింది నుంచి కూన పంజా బయటికి పెట్టింది. ఇస్త్రీ ఆ పంజాను కొట్టింది. కోడలు ఆ రోజు తలుపుకు అడ్డంగా కూర్చొని లేవలేదు, అన్నం అక్కడికే తెచ్చి పెట్టాల్సి వచ్చింది. గిన్నెలు మళ్ళీ దూరం జరిగాయి. మళ్ళీ దగ్గరికి వచ్చాయి. బుస తగ్గింది. కొన్నాళ్ళకు ఆగిపోయింది. ఆగిపోవడం చూసి ఈసారి ఎవరూ సంతోషించలేదు. ఒకసారి చూసిన నెమ్మదే అది.

కోడలు గుడ్డను తీసి వాసన చూసింది. సబ్బు లేదు. మర్నాడూ చూసింది.

ఆదివారం లాండ్రీకి సెలవు. యంత్రాలు నడవవు. అన్నం తిన్నాక మధ్యాహ్నం తలుపు తీద్దామన్నది అత్తగారే. కోడలు రెండు చేతుల్లో కంబళి పరిచి పట్టుకొని గది లోపల నిలబడింది. కొడుకు బాయిలరు దగ్గర వాడే తోలు చేతి తొడుగులు వేసుకున్నాడు. అత్తగారు గుమ్మం పక్కన నిలబడి గడియ తీసింది.

"ఏమైనా అయితే ముందు కంబళి వెయ్యి," అంది. "నా పిల్లి అని చూడకు."

బొత్తం కుర్చీ కింద ఉంది. ఇస్త్రీ గుమ్మంలో ఆగింది. లోపలికి వచ్చింది. కుర్చీ దాకా వచ్చి తల వంచింది. కూన వీపు ఎత్తి బుస కొట్టింది. ఆ చప్పుడు ముగ్గురికీ సరిగా వినిపించలేదు కూడా. ఇస్త్రీ ముందు కాలు ఎత్తింది. కోడలు కంబళి ఎత్తింది.

"ఆగు," అంది అత్తగారు.

ఎత్తిన కాలి గోళ్ళు బయటికి రాలేదు. కాలు గాలిలో కాసేపు ఉంది. నేల మీదికి దిగింది. ఇస్త్రీ కూన చెవిని, కాలిన వైపు, వాసన చూసింది. మెడ వాసన చూసింది. కూన మెడ దగ్గర దాని నోరు చాలాసేపు ఉంది. ఇస్త్రీ వెనక్కి తిరిగి, గుమ్మం దాకా నడిచి, గడపకు అడ్డంగా పడుకుంది.

అత్తగారు గోడ పట్టుకొని కింద కూర్చుంది. కొడుకు తొడుగులు తీయలేదు. కోడలు కంబళి దించలేదు.

కొంతసేపటికి బొత్తం కుర్చీ కింది నుంచి కుంటుతూ బయటికి వచ్చింది. గుమ్మం వైపు నడిచింది. ఇస్త్రీ తోక ఒకసారి నేలకు కొట్టింది. కూన ఆగింది. మళ్ళీ నడిచింది. తోకకు జానెడు దూరంలో కూర్చుంది.

వీధి దీపాలు వెలిగే వేళకు కూడా రెండూ అక్కడే ఉన్నాయి. గది తలుపు తీసే ఉంది.